చొక్కాల ఫ్యాక్టరీ వెళ్లిపోయిన ఏడాది

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే అనేవారు. గేటు లోపల ఆమెను ‘మేడమ్’ అనే మనిషి ఒక్కతే. అది ఆమె సొంత చెల్లెలు. ఆ నియమం అక్క పెట్టిందే. సూపర్‌వైజర్ చెల్లెలంటే పని తక్కువ, పెత్తనం ఎక్కువ అని నలుగురూ అనుకోకూడదని పెట్టింది. చెల్లెలు దాన్ని ఎంత శ్రద్ధగా పాటించేదంటే, "మేడమ్, తమరి అన్నం డబ్బా నా సంచిలో ఉండిపోయిందండీ" అని లైనంతా వినేలా చెప్పి, తల దించుకుని మిషన్ మీదికి నవ్వుకునేది.

వాళ్లు కుట్టేది మగవాళ్ల చొక్కాలు. గుడ్డ ఒక దేశం నుంచి ఓడలో దిగేది. గుండీలు ఇంకో దేశం నుంచి వచ్చేవి. దారం ఎక్కడిదో ఉండ మీద రాసున్నా ఆ లిపి ఎవరికీ చదవడం రాదు. దేశంలో పండిన పత్తి మాత్రం బేళ్లుగా కట్టి అదే రేవులోంచి బయటికి పోయేది. "ఎవరి బియ్యమో, ఎవరి పొయ్యో, మనది గరిటె తిప్పే పని" అనేవాడు అక్కాచెల్లెళ్ల నాన్న.

నాన్న ఒకప్పుడు ఊరి చివరి పంచదార మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశాడు. బయటి దేశాల పంచదార చవగ్గా రేవులో దిగడం మొదలయ్యాక మిల్లు మూతపడింది. ఆ షెడ్లు ఇప్పుడు గోడౌన్లు. వాటిలో నిలవ పెట్టేది ఆ బయటి పంచదారే. అయితే పక్కింటి పిల్లాడి పాఠ్యపుస్తకంలో ‘మన దేశపు ముఖ్య పరిశ్రమలు’ అన్నచోట మొదటిది ఇప్పటికీ పంచదారే. రెండోది చొక్కాలు. వాడు సాయంత్రాలు అది గట్టిగా వల్లె వేస్తుంటే నాన్న గోడ ఇవతల నుంచే అందుకునేవాడు.

"ఒరే, మొదటిది కొట్టెయ్‌రా. మూతబడింది."

"కొట్టేస్తే పరీక్షలో సున్నా వస్తుంది తాతా."

"రానీ. సున్నాయే నిజం" అని నాన్న దగ్గి నవ్వేవాడు. బాయిలర్ పొగ ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది.

తల్లి లేని ఇల్లు. అక్కకు పెళ్లయింది గాని, భర్త కట్టడాల పనికని వేరే ఊరు వెళ్లి అక్కడే వేరే సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. చెల్లెలు పెళ్లి మాట ఎత్తితే, "అక్క దగ్గర చూశాగా, నాకు అర్థమైపోయిందిలే" అని తనే ఎత్తి తనే ముగించేది. ఇల్లు రెండు గదులది. ఒక గదిలో నాన్న దగ్గు, రెండో గదిలో అక్కాచెల్లెళ్ల గుసగుసలు. పగలంతా మేడమ్ అని పిలిచి పిలిచి నోరు ఎండిపోయిందంటూ చెల్లెలు పడుకోబోయే ముందు అక్కా, అక్కా అని ఊరికే నాలుగుసార్లు పిలిచేది. "ఏంటే?" అంటే, "ఏం లేదు, బాకీ తీరుస్తున్నా" అనేది.

ఆ ఏడాది ఎండలు ముదరకముందు ప్రొడక్షన్ మేనేజర్ అక్కను తన అద్దాల గదికి పిలిపించాడు. ఆయన చొక్కా మీద ఎంత వెతికినా ముడత కనపడదు కాబట్టి కుట్టేవాళ్లంతా ఇస్త్రీ సారు అనేవారు. ఇస్త్రీ సారు ఎవర్నీ కూర్చోమనడు. ఆ రోజు కుర్చీ చూపించి, "కూర్చోండమ్మా" అన్నాడు.

"సముద్రం అవతల మన కంపెనీ కొత్త షెడ్డు వేసింది. అక్కణ్ణుంచి పదిమంది ఆడవాళ్లు వస్తున్నారు. మీ లైన్‌లో కూర్చోబెట్టి పని నేర్పాలి. మీ లైనే ఎందుకంటే, తిరిగొచ్చే సరుకు అన్నిటికంటే మీ లైన్‌దే తక్కువ."

"నేర్పిస్తాం సార్. కొత్త ఆర్డర్లు వచ్చాయా?"

ఆయన అద్దంలోంచి కింద వరసలు వరసలుగా కదులుతున్న తలలవైపు చూశాడు. "మీ దగ్గర దాచి లాభం లేదు. కొత్తవేం రాలేదు. ఉన్నవే అక్కడికి పోతున్నాయి. ఈ సీజన్ అయ్యాక ఇక్కడ ఎత్తేస్తారు."

"ఒక లైనా సార్?"

"మొత్తం. అక్కడ కూలి ఇక్కడిదాంట్లో సగం. కరెంటు, నీళ్లు ప్రభుత్వమే ఇస్తోంది. మనమూ ఒకప్పుడు అలా ఇచ్చే ఈ ఫ్యాక్టరీని తెచ్చుకున్నాం. చొక్కా మీద పావలా మిగిలినా, సరుకు కొనే బయర్ దేశమే మార్చేస్తాడమ్మా."

"మావాళ్లకి ఎప్పుడు చెప్తారు?" అంది.

"సీజన్ అయ్యాక. ముందే పొక్కిందా, పని నిలిచిపోతుంది. సరుకు వేళకి ఓడ ఎక్కదు. బయర్ మిగిలింది ఇంకెక్కడో కుట్టించుకుంటాడు. ఎప్పుడో పడాల్సిన తాళం రేపే పడుతుంది. మీరు నోరు మెదపకపోతే అందరికీ ఇంకో మూణ్ణాలుగు నెలలు అన్నం ఉంటుంది. మెదిపితే అదీ ఉండదు."

"ఇంత బరువు నా మీద పెడతారేంటి సార్?"

"నా మీద ఎవరు పెట్టారో వాళ్లని అడగాలి" అన్నాడు ఇస్త్రీ సారు. గొంతులో కోపం లేదు. "నన్ను తీసుకెళ్తారనుకుంటున్నారేమో. అక్కడ మేనేజర్లు కూడా చవకే. మిమ్మల్ని మాత్రం అడుగుతారు. నేర్పేవాళ్లు కావాలి కదా."

మెట్లు దిగుతుంటే కుట్టు మిషన్ల మోత ఎప్పటిలా ఎదురొచ్చింది. లైన్ మొదట్లో చెల్లెలు కాలర్లు కుడుతోంది. "మేడమ్ గారి మొహం ఇస్త్రీ చేసినట్టుందే, సారు గారు పెట్టె గట్టిగా రుద్దారా?" అంది చిన్నగా. పక్కవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వడానికి చూసింది.

ఆ పదిమంది వచ్చారు. ఒకే రంగు గౌన్లలో, కొత్త చెప్పుల్లో, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని గేటు లోపలికి నడిచారు. వాళ్ల భాష ఇక్కడ ఎవరికీ రాదు, ఇక్కడి భాష వాళ్లకు రాదు. వాళ్లలో సన్నగా పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయిని అక్క తన చెల్లెలి పక్కన కూర్చోబెట్టింది. సాయంత్రమయ్యేసరికి లైన్‌లో ఆ అమ్మాయికి సూది అని పేరు పడిపోయింది. అది పేరని తెలిశాక ఆ అమ్మాయే గుండె మీద చెయ్యి పెట్టుకుని "సూది" అని అందరికీ చెప్పుకుంది.

చొక్కాలో కష్టమంతా కాలర్ దగ్గరే. రెండు ముక్కలు తిరగేసి కుట్టి, మూల కత్తిరించి, లోపలిది బయటికి తిప్పాలి. కొన మొండిగా వస్తే చొక్కా రెండో రకంలోకి పోతుంది. మరీ లాగితే మూల చిరిగి చెత్తబుట్టలోకి పోతుంది. చెల్లెలు సూది చేతులు పట్టుకుని తిప్పించేది. మాట అర్థం కాదు కాబట్టి ముఖంతో చెప్పేది. మొండి కొన వస్తే ముసలమ్మలా మూతి ముడిచేది. బాగా వస్తే కళ్లు ఎగరేసేది. సూది మొదట నేర్చుకున్న మాట ‘మెల్లగా’. రెండోది ‘మళ్లీ’. మూడోది ‘అక్క’. మధ్యాహ్నం తిండి దగ్గర ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చునేవారు. సూది తన ఫోనులో నాలుగేళ్ల పిల్లను చూపించి, పిల్ల ఎవరి దగ్గరుందో చేతులతో చెప్పడానికి వీపు వంచి, కర్ర పట్టుకున్నట్టు నడిచి చూపించింది. "అమ్మమ్మ దగ్గర" అని చెల్లెలు లైనంతటికీ తర్జుమా చేసింది.

అక్క దూరం నుంచి ఇదంతా చూస్తూ ఉండేది. చూడలేక చెకింగ్ టేబుల్ వైపు వెళ్లిపోయేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. నాన్న గమనించాడు.

"ఏంటి తల్లీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది నాన్నా."

"మా మిల్లు మూసే ముందు మా ఫోర్‌మన్ మొహం కూడా ఇలాగే ఉండేది" అన్నాడు ఆయన మామూలుగా. ఆ మాట అని అటు తిరిగి పడుకున్నాడు. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకు తెలిసి అన్నాడో, ఊరికే అన్నాడో అడిగే ధైర్యం రాలేదు.

అలా ఉండగా ఊరికి అటుపక్క బ్యాగుల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారని కబురు వచ్చింది. స్కూలు పిల్లల బ్యాగులు కుట్టడం. జీతం కాస్త తక్కువే గాని, బ్యాగులు ఈ దేశంలోనే అమ్ముడుపోతాయి, ఓడలతో పని లేదు. కాలర్ సెక్షన్‌లో ఇద్దరు ముగ్గురు అప్పుడే వెళ్లి అడిగొచ్చారు. ఆ పూట పక్కలు వేస్తూ చెల్లెలు అడిగింది.

"అక్కా, నేను బ్యాగులకి పోనా?"

అక్క దుప్పటి దులుపుతూ ఆగింది.

"ఎందుకు, ఇక్కడేమైంది?"

"ఏం కాలేదు. మారితే ఎలా ఉంటుందో అని. బ్యాగుకి కాలర్ ఉండదు కదా, సుఖం." నవ్వింది. "నేను వెళ్తే కాలర్ సెక్షన్ సగం నా వెనకే వస్తుంది. అప్పుడు నీ టార్గెట్ గోవిందా. అందుకే అడుగుతున్నా."

నిజమే. చెల్లెలు కదిలితే సగం మంది కదులుతారు. ఎందుకు కదిలారని ఆరా మొదలవుతుంది. సరుకు ఆగుతుంది. మిగతా వాళ్లందరి నోటి దగ్గర కూడు పోతుంది. చెల్లెలు కదలకపోతే ఆ బ్యాగుల తలుపు మూసుకుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ‘వెళ్లవే, రేపే వెళ్లు’ అన్న మాట అక్క గొంతు దాకా వచ్చింది.

"నీ ఇష్టం" అంది.

చెల్లెలు ఆ మాట ఇంకోలా తీసుకుంది. "అలా మొహం ముడుచుకుని ఇష్టం అంటే నాకు తెలీదనుకున్నావా? పోన్లే, వెళ్లను. నువ్వున్న చోటే నేనూ ఉంటా" అంది. దీపం ఆర్పాక ఎప్పటిలా అక్కా, అక్కా అని పిలిచింది. అక్క నిద్రపోయినట్టు పడుకుంది.

కొద్ది రోజులకే బ్యాగులవాళ్లు తలుపు మూసేశారు. కావలసినంతమంది దొరికిపోయారు.

నిజం బయటపెట్టింది ఇస్త్రీ సారూ కాదు, అక్కా కాదు. సూది బయటపెట్టింది, అదీ తెలియక. ఒక మధ్యాహ్నం తిండి దగ్గర ఆమెకు ఇంటి నుంచి ఫోటోలు వచ్చాయి. మంచి వార్త అందరికీ చూపించుకునే మనిషిలా చెల్లెలి చేతిలో ఫోను పెట్టింది. పెద్ద షెడ్డు. కొత్త రేకులు. నేల మీద పసుపు గీతలు. మిషన్లు లేవు, ఖాళీ. పైన దూలాలకు వరసగా వేలాడుతున్న బోర్డులు. లైన్ ఒకటి, లైన్ రెండు, అలా ఎనిమిది దాకా. ఇక్కడ ఉన్నవీ ఎనిమిదే. ఆ బోర్డుల అక్షరాలు, రంగు, మూలన కంపెనీ గుర్తు అన్నీ ఇక్కడివాటిలాగే ఉన్నాయి. గోడ మీద చొక్కా కుట్టే క్రమం బొమ్మలుగా అతికించారు. అది ఈ లైన్ గోడ మీద ఉన్న పటమే. కాలర్ కుడుతున్న చేతుల బొమ్మలో ఎడమ బొటనవేలి మీద మచ్చ ఉంది. అది చెల్లెలి వేలు. ఎప్పుడో ఎవరో సారు ఫోటో తీసుకెళ్లాడు.

చెల్లెలు ఫోను తిరిగి ఇచ్చేసింది. సూది బుగ్గ మీద తట్టింది. చెయ్యి కడుక్కుని లేచి అక్క ఉన్న చెకింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, ఆ షెడ్డులో పెట్టే మిషన్లు కొత్తవా, మనవేనా?"

అక్క చేతిలో చొక్కా అలాగే ఉంది.

"ఏ షెడ్డు?"

"నీళ్లు నమలకక్కా" అంది చెల్లెలు. గేటు లోపల ఆమె అక్కా అనడం అదే మొదలు. "నీకు తెలుసా, తెలీదా? అది చెప్పు చాలు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

చెల్లెలే లెక్క కట్టుకుంది. "బ్యాగులకి పోనా అని అడిగినప్పుడు తెలుసా?"

"తెలుసే. చెప్తే అందరికీ ఇప్పుడే పోతుందన్నారు. సీజన్ అయ్యేదాకానైనా…"

"నేను అందర్ని గురించి అడగలేదు. నన్ను గురించి అడిగాను."

ఆ మాట అని ఆమె తన మిషన్ దగ్గరికి వెళ్లింది. మొదలుపెట్టిన బండిల్‌లో మిగిలిన కాలర్లన్నీ కుట్టింది. ఒక్కటి కూడా మొండి కొన రాలేదు. దారం తెంపి, మిషన్ ఆపి, స్టూలు మీద ఎక్కి నిలబడింది.

"అందరూ ఒక్క నిమిషం మిషన్లు ఆపండి" అంది.

ఒక్కో వరసే మోత ఆగుతూ వచ్చింది. ఆమె కేకలు వెయ్యలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. సీజన్ అయ్యాక ఎనిమిది లైన్లూ సముద్రం దాటుతున్నాయని, పదిమందికీ మనం నేర్పేది మన పనేనని చెప్పింది. తనకు ఎవరు చెప్పారని అడిగితే, "ఫోటో చూశాను" అంది. అక్క పేరు ఎత్తలేదు.

కానీ అక్క మొహం చూస్తే చాలు. లైన్‌లో అందరికంటే పెద్దావిడ, గుండీలు కుట్టే ఆమె, మెల్లగా నడిచొచ్చి అక్క ఎదుట నిలబడింది. "నీకు తెలిసే మా చేత నేర్పించావా అక్కా? మా అమ్మాయిని కూడా మొన్ననే ఇక్కడ చేర్చాను కదా. చేర్చనా అని నిన్నే కదా అడిగాను" అంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. సార్లు అద్దాల గదిలో లోపల గడియ పెట్టుకున్నారు. చేతికి అందేది ఆ పదిమందే. ఎవరో సూది ముందున్న కాలర్ల గుట్టను నేల మీదికి తోశారు. ఇంకెవరో ఆమె భుజం పట్టి లాగారు. స్టూలు తిరగబడింది. సూది కింద పడింది. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పడినచోటే కూర్చుని తనకు వచ్చిన మాట అంది. "మెల్లగా… మెల్లగా."

చెల్లెలు గుంపును తోసుకుంటూ వచ్చి ఆమె ముందు అడ్డంగా కూర్చుంది. "దీన్ని కొడితే ఆ షెడ్డు కూలిపోతుందా? కూలుతుందంటే చెప్పండి, ముందు నేనే కొడతా" అంది. అక్క మిగతా తొమ్మిదిమందినీ శాంపిల్ గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. సూదిని లోపలికి పంపిస్తూ ఆ తలుపు దగ్గర అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు ఎదురుపడ్డారు. సూది నుదుటికి అదిమిపెట్టిన గుడ్డ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారింది, అంతే.

గేటు ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. సరుకును కదలనివ్వబోమన్నారు. మంత్రి గారు మనిషిని పంపించారు. ఆ మనిషి, చొక్కాలు ఈ దేశానికి వెన్నెముక అని మైకులో చెప్పి కారెక్కి వెళ్లిపోయాడు. ఓడ సరుకు లేకుండానే కదిలింది. ఇస్త్రీ సారు ముందే చెప్పినట్టు బయర్ మిగిలిన ఆర్డరు ఇంకెక్కడికో మార్చేశాడు. ఆ పదిమందినీ వాళ్ల దేశానికి పంపేశారు, ఆ వారం తిరక్కుండానే గేటుకు తాళం పడింది. సీజన్ దాకా ఉండాల్సిన పని అలా పోయింది.

అప్పుడు మాటలు మారాయి. అక్క దాచిందని తిట్టినవాళ్లే చెల్లెలు బయటపెట్టిందని తిట్టడం మొదలుపెట్టారు. కుళాయి దగ్గర, రేషను వరసలో, బస్సులో. "దాచినావిడ నయం, సీజన్ దాకా తిననిచ్చేది." "ఆ చిన్నదానికి నోట్లో నువ్వుగింజ నానలేదు." "ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లేగా, ఒకతి గొయ్యి తీసింది, ఒకతి తోసింది." గుండీలావిడ మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. కూతుర్ని తీసుకుని చెరుకు పొలాలున్న రోజుల్లో తనవాళ్లు బతికిన ఊరికి వెళ్లిపోయింది. అక్కడ చెరుకు లేదని ఆమెకు తెలుసు. ఉండటానికి ఒక గది ఉందంది.

ఇంట్లో రెండో గదిలో గుసగుసలు ఆగిపోయాయి. చెల్లెలు తన పక్క నాన్న గదిలోకి మార్చుకుంది. ఆయన దగ్గుకు ఎవరో ఒకరు దగ్గరుండాలి అంది. నాన్న ఇద్దరి మధ్యా మాటలు మోసేవాడు. "ఉప్పు అయిపోయిందని మీ అక్కకి చెప్పమ్మా" అని చెల్లెలితో అంటే, చెల్లెలు, "ఉప్పు అయిపోయిందట నాన్నా" అని గట్టిగా ఆయనకే తిరిగి చెప్పేది.

చెల్లెలికి పని దొరికింది. పాత పంచదార మిల్లు గోడౌన్‌లో చిరిగిన బస్తాలు కుట్టే పని. రేవు నుంచి వచ్చేటప్పుడు కొక్కేలు తగిలి బస్తాలు చిరుగుతాయి. చేతిమిషన్‌తో మూతులు కుట్టాలి, చిరుగులు కుట్టాలి. మొదటిరోజు ఆమె ఇంటికి వచ్చేసరికి జుట్టులో, కనుబొమల మీద పంచదార పొడి ఉంది. నాన్న దగ్గరికి పిలిచి కనుబొమ మీద వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

"మన పంచదారంత తీపి లేదు" అన్నాడు.

"అన్నీ ఒకటే నాన్నా."

"కాదమ్మా. నేను వండినవాణ్ణి, నాకు తెలీదా?" అని, ఇంకేదో అనబోయి దగ్గులో పడిపోయాడు. చాలాసేపటికి గాని ఆ దగ్గు ఆగలేదు. కళ్లలో నీళ్లు దగ్గువల్లే వచ్చాయని ముగ్గురూ అనుకున్నట్టు ఊరుకున్నారు.

మిషన్లు పెట్టెలకెక్కుతున్న రోజుల్లో ఇస్త్రీ సారు ఇంటికి వచ్చాడు. చొక్కా నలిగి ఉంది. అక్కను అవతలి షెడ్డుకి రమ్మంటున్నారు, వెళ్తుందేమో కనుక్కోమన్నారు అన్నాడు. తన సంగతి అడిగితే, అత్తగారి ఊళ్లో బావమరిదికి సిమెంటు కొట్టు ఉంది, కూర్చోమంటున్నాడు అని నేలకేసి చూశాడు. అక్క వయసుకు ఊళ్లో ఇంకో పని దొరకదు. దొరికినా ‘ఆ దాచిన సూపర్‌వైజరా’ అంటారు. నాన్న మందులు ఆగకూడదు.

"వెళ్లు తల్లీ" అన్నాడు నాన్న. "ఫ్యాక్టరీ చుట్టం లాంటిది. వచ్చేటప్పుడు హడావుడిగా వస్తుంది, పోయేటప్పుడు చెప్పకుండా పోతుంది. కనీసం నిన్నన్నా వెంట రమ్మంది."

బయల్దేరే రోజు పొద్దున చెల్లెలు పనికి సెలవు పెట్టలేదు. కానీ ఎప్పుడూ వెళ్లే వేళకు వెళ్లలేదు. గుమ్మం దగ్గర నిలబడి అక్క సంచి జిప్పు సరిగా పడటం లేదని చూసి, కిందికి వంగి దారంతో నాలుగు కుట్లు వేసి, పళ్లతో తెంపి సరిచేసింది.

"నేను తప్పు చేశానంటావా?" అంది అక్క.

"నువ్వు చెప్పకపోయినా పోయేది. నేను చెప్పకపోయినా పోయేది. అది నాకు తెలుసు." లేచి నిలబడింది. "ఆ పూట నిన్ను అడిగాను చూడు, అదొక్కటే పోవట్లేదు. దానికి నేనేం చెయ్యను?"

అక్క చెయ్యి చాపింది. చెల్లెలు ఆ చెయ్యి పట్టుకోలేదు, తోసేయనూ లేదు. "నాన్నకి ఫోను చేస్తూ ఉండు. బండికి వేళవుతోంది" అని ముందు తనే వీధిలోకి నడిచి, గోడౌన్ వైపు మలుపు తిరిగింది.

సముద్రం అవతల ఊరు అక్కకు కొత్తగా అనిపించలేదు. అవే రేకుల షెడ్లు, అవే ఇరుకు గదులు, పొద్దున్నే గేటు ముందు చెప్పుల చప్పుడు. కొత్త ఫ్యాక్టరీ ఎదుట తారు ఇంకా మెరుస్తోంది. తలుపు దగ్గర సూది నిలబడి ఉంది. నుదుటి మీద చిన్న మచ్చ. ఆమె ఇప్పుడు కాలర్ సెక్షన్‌కు పెద్ద. అక్కను చూసి పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. చెల్లెలు ఎక్కడని అడిగింది. అక్క చేతులు ఊపి, రాలేదని చెప్పింది.

మొదటిరోజు కొత్త ఆడపిల్లలందరినీ లైన్ ముందు నిలబెట్టారు. అందరూ తలకు నూనె రాసుకుని, నలగని బట్టలు కట్టుకుని వచ్చారు. కొందరి వెనక తల్లులు గేటు బయట నిలబడి ఇనుప కమ్మీల్లోంచి చూస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు నాలుగు మాటలు చెప్పమని అక్కతో అన్నారు. సూది ఇన్నాళ్లలో నేర్చుకున్న భాషతో తర్జుమా చెయ్యడానికి పక్కన నిలబడింది.

అక్క ఓడలో వస్తున్నంతసేపూ ఈ మాటలే అనుకుంది. "బాగా కుట్టండి. కానీ ఈ పనే కలకాలం ఉంటుందని అనుకోకండి. మా ఊళ్లోనూ ఇలాగే వచ్చింది, వెళ్లిపోయింది. ఇంకో పని కూడా చేతిలో పెట్టుకోండి. వేరే చోట పిలిస్తే ఎవర్నీ అడక్కుండా వెళ్లండి" అంది. మెల్లగా, సూదికి అర్థమయ్యేలా, రెండోసారి కూడా చెప్పింది.

సూది ఆమె వంక కాసేపు చూసింది. తర్వాత అటు తిరిగి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. అక్క చెప్పినంత పొడుగు లేదు అది. ఆడపిల్లలందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. గేటు బయట తల్లులు కూడా కొట్టారు.

వాళ్లు మిషన్ల దగ్గరికి వెళ్లాక అక్క అడిగింది. "ఏం చెప్పావు?"

"బాగా కుట్టాలి అని చెప్పాను."

"మిగతాది?"

సూది కళ్లు దించుకుంది. "చెప్పలేదు అక్కా. ఇవాళే కదా మొదలు. పాపం, కొత్త బట్టలు."

షెడ్డులో ఒక్కొక్క మిషనే మోగడం మొదలైంది. మూడో వరసలో ఒక పిల్లకు దారం ఎక్కించడం రాక చుట్టూ చూస్తోంది. అక్క కళ్లజోడు పెట్టుకుని ఆ పిల్ల దగ్గరికి నడిచింది.